పుట్టింటికి వెళ్ళిన పది పెట్టెలు

వేదమాణిక్యానికి సొంత అభిప్రాయం అంటూ ఏదీ లేదు. ఏది అడిగినా "పిల్లలు ఒప్పుకోవాలి కదా" అనేవాడు. పిల్లలంటే ఆయనకు పుట్టిన ఇద్దరు మగపిల్లలు కారు. వాళ్ళ అభిప్రాయం ఆయన ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. పిల్లలంటే తేనెటీగలు.

మార్తాండం అనే ఊరి చుట్టుపక్కల తేనెపెట్టెలు లేని పెరడు వెతికినా దొరకదు. తేనె అమ్మి ఇల్లు కట్టినవాళ్ళున్నారు, కొడుకులను చదివించినవాళ్ళున్నారు. వాళ్ళంతా ఈగలను ఈగలనే అంటారు. కల్లువిళ వేదమాణిక్యం ఒక్కడే వాటిని పేరుపేరునా పిలవలేక పిల్లలని సరిపెట్టుకున్నాడు.

జనాభా లెక్కల పంతులు వచ్చినప్పుడు మొదట ఆయనే ఎదురుపడ్డాడు.

"పిల్లలెంతమందండీ?"

"తొమ్మిది లక్షలు. వానాకాలంలో కొంచెం తగ్గుతారు."

"మగపిల్లలెంతమంది, ఆడపిల్లలెంతమంది?"

"పనిచేసేవాళ్ళంతా ఆడపిల్లలే. మగవాళ్ళను లెక్కలోకి తీసుకోకండి."

పంతులు కలం మూసేశాడు. లోపలినుంచి భార్య పుష్పబాయి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇద్దరని రాసుకోండి సార్, ఇద్దరూ మగపిల్లలే. మిగిలినవాళ్ళంతా ఆయన తరఫు" అంది.

పుష్పబాయి లేకపోతే ఆ తొమ్మిది లక్షలమంది సంపాదన గాలికి పోయేది. తేనె తీయడం వరకే ఆయన పని. వడగట్టడం, సీసాల్లో పోయడం, బేరం చేసి అమ్మడం అన్నీ ఆమెవే. పెళ్ళైన కొత్తలో ఒకసారి వాసన నూనె రాసుకుని ఎదురుగా నిలబడింది. "నాకు బాగానే ఉంది పుష్పం, పిల్లలకే తలనొప్పిగా ఉందట" అన్నాడు. ఆమె ఆ సీసాను పక్కింటావిడకు ఇచ్చేసింది. మళ్ళీ కొనలేదు.

చర్చి పాస్టరుగారు ఒకసారి ముచ్చటపడి, చర్చి ఆవరణలో అయిదు పెట్టెలు పెట్టమని అడిగారు.

"నాకేం అభ్యంతరం లేదు పాస్టరుగారూ. పిల్లలే ఒప్పుకోవడం లేదు."

"ఏం? దేవుడి చోటు కాదా?"

"దేవుడితో పేచీ లేదు. మైకుతోనే."

"నా ప్రసంగం బాగాలేదన్నారా?"

"ప్రసంగం దాకా ఉండలేదండీ. మైకు దగ్గరే లేచి వచ్చేశారు."

ఆ ఆదివారం పాస్టరుగారు మైకు కట్టేసి, పావుగంట ముందే ముగించారు. కల్లువిళలో తేనెటీగలంటే జనానికి భక్తి కుదిరింది అప్పటినుంచే.

ఆయన ఎవరినీ నొప్పించి మాట్లాడడు. ఆ పని కూడా ఈగలకే అప్పగిస్తాడు. పుష్పబాయి తమ్ముడు సామువేల్ "రెండు రోజులుండి పోతానక్కా" అని వచ్చి నెల దాటించాడు. ఒక ఉదయం కర్రపెండలం, చేపల పులుసు రెండోసారి వడ్డించుకుంటుంటే బావ ఆప్యాయంగా పెరట్లోకి పిలిచి, పెట్టె మూత తీసి చూపించాడు.

"ఈ లావుపాటివాళ్ళున్నారు చూశావా, వీళ్ళు మగఈగలు. మా ఇంటి అల్లుళ్ళనుకో. తేనె తేరు, గూడు కట్టరు. కూర్చుని తింటారు."

"మరి ఊరుకుంటారా బావా?"

"వానలు మొదలయ్యేదాకా ఊరుకుంటారు. ఆ తర్వాత మా పిల్లలు రెక్క పట్టుకుని బయటకు ఈడ్చేస్తారు. అయ్యో పాపం అనిపిస్తుంది కానీ, వాళ్ళ సంసారం వాళ్ళది. నేను కలగజేసుకోను."

సామువేల్ ఆకాశంలోకి చూశాడు. మబ్బు పట్టి ఉంది. మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు. పుష్పబాయి భర్తమీద కస్సుమంటే, "నేనేమన్నాను? ఈగల సంగతి చెప్పాను" అన్నాడు. ఆమెకు కోపంలోనే నవ్వొచ్చింది. అయితే తల్లి పోయాక ఆమెకు పుట్టిల్లంటూ మిగిలింది ఆ తిండిపోతు ఒక్కడే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఈ పిచ్చినంతా ఆమె ఎలాగో భరించేది. భరించలేనివి రెండున్నాయి.

మొదటిది, ఏటా రబ్బరు చెట్లు చిగిర్చి తేనె పొంగే రోజుల్లో ఇరవై సీసాల తేనె లెక్కకు రాకుండా పోయేది. ఎక్కడికి పోయిందంటే, "పిల్లలకు ఆకలేసింది, తాగేశారు" అనేవాడు. రెండోది, చెల్లతాయవ్వ పెరట్లో ఉన్న పది పెట్టెలు.

చెల్లతాయవ్వది ఊరి చివర ఒంటరి ఇల్లు. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. ఈగలకు తెగులు వచ్చిన ఏడాది ఆ ప్రాంతంలో పెట్టెలన్నీ ఒకదాని వెనక ఒకటి మూగబోయాయి. వేదమాణిక్యానికి ఒక్క పెట్టె కూడా మిగల్లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. అప్పుడు చెల్లతాయవ్వ కబురు పెట్టింది. "నా పనసచెట్టు తొర్రలో ఏదో హోరుమంటోంది. నీవాళ్ళేమో వచ్చి చూసుకో."

ఈనాడు ఆయనకున్న పెట్టెలన్నీ ఆ తొర్రలోని ఒక్క గూటినుంచి పెరిగినవే. దానికి ఏమిచ్చినా ఆమె పుచ్చుకోలేదు. "చెట్టు నాది, ఈగలు దేవుడివి. దేవుడి సొమ్ము నేనమ్ముకోను" అంది. పుష్పబాయి ఒకసారి బియ్యం పంపితే, "ఊరికే వచ్చింది నాకు ఒంటికి పట్టదు" అని అదే సంచిలో తిప్పి పంపింది. చివరికి ఆయన ఆమె పెరట్లో పది పెట్టెలు పెట్టాడు. పెరడు ఇచ్చినవాళ్ళకు పెట్టెకు రెండు సీసాల తేనె ఇవ్వడం అక్కడి ఆచారం. అది న్యాయమైన అద్దె కాబట్టి అవ్వ పుచ్చుకుని, మంగళవారం సంతలో అమ్ముకుని బతికేది.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత పనసచెట్టు గాలివానకు కూలింది. ఇంటి వెనక రాళ్ళు పగలగొట్టే క్రషర్ వచ్చింది. ఆకుమీద, పువ్వుమీద వేలెడు దుమ్ము. ఆ పది పెట్టెలూ తీసి మంచి చోట పెట్టమని పుష్పబాయి మూడేళ్ళుగా పోరుతోంది. ఆయనదొకటే మాట.

"నాకేం అభ్యంతరం లేదు పుష్పం. పిల్లలే రామంటున్నారు. ఆడపిల్లలకు పుట్టిల్లంటే ప్రాణం కదా."

ఆ ఏడు మాత్రం సంగతి ముదిరింది. కొండకు అవతల, కేరళ వైపు రబ్బరు ఎస్టేటునుంచి సూపర్వైజర్ కురియాకోస్ వచ్చాడు. భార్య పుట్టింటికి వెళ్ళి నెలన్నరైందట. క్యాంటీను భోజనంతో చిక్కి సగమయ్యాడు. పుష్పబాయి పెట్టిన భోజనం తిని, కళ్ళు తుడుచుకుని, విషయం చెప్పాడు. తోటలో పదిమంది పది పదేసి పెట్టెలతో తిరిగితే యజమాని ఒప్పుకోడు. వంద పెట్టెలు తెచ్చేవాడెవడైనా ఉంటే, తోటంతా వాడొక్కడికే. శుక్రవారానికి తేల్చి చెప్పాలి.

అంత తోటలో వంద పెట్టెలు పెడితే రెండేళ్ళ రాబడి ఒక్క కాపులో వస్తుంది. కారే ఇంటికప్పు మార్చవచ్చు. ఇంటిదగ్గర తొంభై ఉన్నాయి. మిగిలిన పదీ చెల్లతాయవ్వ దగ్గరున్నాయి.

"పిల్లల్ని అడిగి చూస్తాను" అన్నాడు వేదమాణిక్యం. ఆయన మొహంలో రంగు మారడం పుష్పబాయి చూసింది. గురువారందాకా పిల్లలు ఏమీ తేల్చలేదు.

గురువారం సాయంత్రం, ఈగలు గూళ్ళకు చేరే వేళకు పుష్పబాయి పెట్టెల ద్వారాలు మూయడానికి గుడ్డపేలికలు సంచిలో వేసుకుని తనే బయలుదేరింది. చెల్లతాయవ్వ అరుగుమీద కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తోంది.

"పెట్టెలు తీసుకెళ్ళడానికి వచ్చానవ్వా. ఇప్పుడు మూసిపెడితే పొద్దున బండి వస్తుంది."

అవ్వ చేతిలో కత్తి ఆగింది. "మీ ఆయన ఒప్పుకున్నాడా?"

"అడగలేదు."

"ఈగలు?"

"వాటినీ అడగలేదు."

"అయితే వెళ్ళి చూసుకో తల్లీ" అని అవ్వ మళ్ళీ చెక్కు తీయసాగింది.

పెట్టెలు పదీ శుభ్రంగా తుడిచి ఉన్నాయి. చీమలు ఎక్కకుండా కాళ్ళకింద గిన్నెల్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. చీకటి పడబోతున్నా ఒక్క ఈగ కూడా తిరిగి రావడం లేదు. పుష్పబాయి ఒక పెట్టె ఎత్తబోయింది. అది ఖాళీ బుట్టలా పైకి లేచింది. మూత తీస్తే లోపలున్న బల్లి, ఎవరు నువ్వు అన్నట్టు చూసింది. రెండో పెట్టె, మూడో పెట్టె, పదో పెట్టె అన్నీ అంతే.

"అవ్వా, వీటిలో ఈగలు లేవు!"

"మెల్లగా అను, మీ ఆయనకు తెలుస్తుంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"క్రషర్ పెట్టిన పదిహేను రోజులకే అన్నీ లేచి నా నెత్తిమీదుగా కొండవైపు పోయాయి. ఆ సాయంత్రం మీ ఆయనొచ్చాడు. మూత తీశాడు, మూశాడు. 'అవ్వా, పిల్లలు నీ దగ్గరే ఉంటామంటున్నారు' అన్నాడు. సరేలే ఉండమను అన్నాను."

"మరి తేనె?"

"అదే కదా చూడాల్సింది! ఏటా తేనె తీసే రోజున తెల్లవారకముందే వెనక గోడ దూకి వచ్చి, మీ ఇంటినుంచి నిండు తేనెపట్లు తెచ్చి పెట్టెల్లో సర్దిపోతాడు. మళ్ళీ ఎనిమిదింటికి తేనె తీసే డ్రమ్ము మోసుకుని వాకిలిగుండా దొరలా వస్తాడు. ఈగలే లేని పెట్టెకు పొగ పెడతాడు. 'నెమ్మది తల్లీ, నెమ్మది' అని బుజ్జగిస్తాడు. కిందటేడు 'అబ్బా, కుట్టింది' అని వేలు కూడా చప్పరించుకున్నాడమ్మా! నాకు నవ్వాగక దగ్గొచ్చింది. పాపం, దగ్గుకు మంచిదని ఇంకో సీసా ఇచ్చిపోయాడు."

పుష్పబాయి పెట్టెమీదే కూలబడి నవ్వింది. నవ్వుతూ ఉంటే ఆ ఇరవై సీసాలూ ఎవరు తాగేశారో అర్థమై, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరు ఊరికే ఏదీ పుచ్చుకోరు కదవ్వా?"

"ఊరికే ఎక్కడ? పెట్టెలు నా నేలమీద లేవూ? అద్దె అద్దే." అవ్వ గొంతు తగ్గించింది. "నాకు తెలుసని చెబితే రావడం మానేస్తాడేమోనని భయం. తేనెకు కాదులే. నా వాకిలి తొక్కేది వాడొక్కడే."

పుష్పబాయి పేలికల సంచి ముడి వేసి లేచింది. అవ్వ ఆగమని లోపలికి వెళ్ళి, ఒక జాకెట్టు ముక్క, అరటిపళ్ళు, రెండు తేనె సీసాలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది.

"ఇదేంటవ్వా?"

"పుట్టింటికొచ్చిన ఆడపిల్లలను ఉత్త చేతులతో పంపుతారా? వాళ్ళు లేరు కాబట్టి వాళ్ళ అమ్మవు, నువ్వే తీసుకెళ్ళు."

తల్లి పోయాక పుష్పబాయికి జాకెట్టు ముక్క పెట్టినవాళ్ళు లేరు. తన ఇంటి తేనె తనకే సారెగా వస్తుంటే, మారు మాట్లాడకుండా కొంగు పట్టింది.

ఇంటిదగ్గర వేదమాణిక్యం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె ఎక్కడికి వెళ్ళిందో తెలిసినట్టుంది, పొగ పెట్టిన ఈగలా ఉన్నాడు.

"పెట్టెలు తెరిచావా?"

"తెరవకుండా ఎలా తెలుస్తుంది?"

"ఎలా ఉన్నారు?"

"నిక్షేపంలా ఉన్నారు. ఒక్కటంటే ఒక్కటీ కుట్టలేదు. మీరన్నట్టే, రామన్నారు."

ఆయన ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. అక్కడ ఏమీ దొరకలేదు. "నేను చెప్పలా?" అన్నాడు నీరసంగా.

అంతలో ఫోను మోగింది. కురియాకోసే. వేదమాణిక్యం చెయ్యి చాపేలోపు పుష్పబాయి అందుకుంది.

"వంద సిద్ధమేనా అమ్మా?"

"తొంభై తెస్తాం సార్."

"వందన్నాను కదా!"

"మాకేం అభ్యంతరం లేదు సార్. పిల్లలే ఒప్పుకోవడం లేదు. పది పెట్టెలవాళ్ళు పుట్టింటికి వెళ్ళారు."

"ఎప్పుడొస్తారు?"

"పుట్టింటికి వెళ్ళినవాళ్ళు ఎప్పుడొస్తారో మనకు చెప్పి వెళతారా సార్? మీకు తెలియని సంగతా?"

అవతలనుంచి ఒక నిట్టూర్పు వినిపించింది.

"నిజమేనమ్మా" అన్నాడు కురియాకోస్. "తొంభై తీసుకురండి. యజమానికి నేను చెప్పుకుంటాను. వచ్చేటప్పుడు ఆ చేపల పులుసు కొంచెం తెస్తారా?"

వేదమాణిక్యం నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. పుష్పబాయి ఫోను పెట్టేసి, రెండు సీసాలనూ అలమరలో దేవుడి పటం పక్కన పెట్టింది.

"ఈ తేనె ఎక్కడిది పుష్పం?"

"పిల్లలకు పుట్టింట్లో పెట్టిన సారె. తండ్రులు ముట్టుకోకూడదు" అని వంటింట్లోకి వెళ్ళింది. గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూసింది. "అన్నట్టు, ఈసారి వెళ్ళినప్పుడు వాకిలిగుండానే వెళ్ళండి. ఆ వెనకగోడ పాతది, కాలు విరుగుతుందని పిల్లలు భయపడుతున్నారు."