ఎమ్మిగనూరు దాకా పోని రైలు

కాపురానికి ఆదోని వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం మా ఆయన నన్ను మిద్దె మీది గదికి రమ్మన్నారు. కొత్త కోడలిని, నేనేదో అనుకుని సిగ్గుపడుతూ మెట్లెక్కాను. తలుపు తీస్తే గది నిండా బల్లలు, బల్లల నిండా రైలు పట్టాలు. రెండు పట్టాల మధ్య నా బొటనవేలు కూడా సరిగ్గా పట్టదు. వాటి మీద అరచేతిలో ఇమిడిపోయే ఆకుపచ్చ ఇంజను, దాని వెనక మూడు పెట్టెలు. ఆయన కీ తిప్పి వదిలితే బుర్రుమంటూ బల్లల చుట్టూ తిరిగి వచ్చింది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది. పత్తి వ్యాపారం చేసే ఇల్లు, మీసాలొచ్చిన మనిషి, ఏం చూసి మా నాయన నన్ను వీళ్ళకిచ్చాడా అనుకున్నాను.

ఆ రైలును వీళ్ళ దగ్గర పత్తి కొనే బొంబాయి షావుకారు ఒకాయన ఎప్పుడో తెచ్చి ఇచ్చాడట. ఇంట్లో ఎవరికీ పట్టని వస్తువు ఈయనకు పిచ్చిగా పట్టుకుంది. పొద్దంతా జిన్నింగు మిల్లులో దూది దులుపుకుని, సాయంత్రం మిద్దెక్కి పట్టాలకు నూనె రాసేవారు.

మాది ఎమ్మిగనూరు. మా నాయన మగ్గాలవాళ్ళకు నూలు అమ్మేవాడు. ఆ నూలు ఎక్కడెక్కడి నుంచో ఆదోని గూడ్సు షెడ్డు దాకా దర్జాగా రైల్లో వచ్చి, అక్కడ దిగి ఎద్దుల బండెక్కేది. ఎందుకంటే మా ఊరికి రైలు లేదు. మనుషులకు బస్సుంది, అది కూడా ఉందంటే ఉంది. దుమ్ము మింగుతూ, కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుకుంటూ పుట్టింటికి చేరేదాన్ని. ఆ మాత్రం పోవడానికి కూడా మా అత్త ఒప్పుకునేది కాదు. మొన్ననే కదమ్మా పోయొచ్చినావు, అనేది. ఆమె లెక్కలో ఆరు నెలలు కూడా మొన్నే.

అలా ఒకసారి నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, ఓదార్చడం చేతకాని మా ఆయన ఒక మాటన్నారు. "మీ ఊరికి లైనేస్తా."

బల్ల చివర నుంచి కిటికీ గట్టు దాకా చెక్కలు పైకి ఏటవాలుగా పరిచి, మద్రాసు నుంచి తెప్పించిన పట్టాలు బిగించారు. బల్ల ఆదోని, కిటికీ గట్టే ఎమ్మిగనూరు. ఇంత వయసొచ్చి ఈ ఆటలేమిటని సణిగిన దాన్నే, మెల్లగా నేనూ అందులో పడ్డాను. కొండ గుట్టల్లో రాళ్ళు ఏరుకొచ్చి ఆదోని పక్కన పేర్చాను. దారి పొడుగునా నల్లరేగడి మన్ను జల్లెడ పట్టి చల్లాను. స్టేషనుకు బోర్డు నేనే రాశాను. బోర్డు వెనక మా ఊరి చీర అంచు చిన్న ముక్క కత్తిరించి, ఆరేసినట్టు కట్టాను.

ఆయన మద్రాసు నుంచి ప్రయాణికుల బొమ్మలు కూడా తెచ్చారు. అందరూ దొరలూ దొరసానులే. నేను ఊరుకుంటానా? బ్లేడుతో టోపీలు గీకి కొప్పులు చేశాను, గౌన్లకు రంగులేసి చీరలు చేశాను. చంకలో బిడ్డ ఉన్న ఒకామెను ఎమ్మిగనూరు ప్లాట్‌ఫారం మీద, రైలొచ్చే దిక్కుకు మొహం పెట్టి నిలబెట్టాను. ఆమె నేనేనని ఆయనకు చెప్పలేదు. నాకప్పటికి పిల్లల్లేరు.

అన్నీ కుదిరాయి గానీ రైలు పోలేదు. ఎంత బిగించి కీ ఇచ్చినా, ఆ ముసలి ఇంజను ఎత్తు మొదలయ్యే చోటికి వచ్చి, ఆయాసపడి ఆగిపోయేది. ఒకటి రెండుసార్లు నేను వేలు పెట్టి తోయబోతే ఆయన చెయ్యి పట్టుకున్నారు. తోస్తే పోయేదాన్ని తోపుడు బండంటారు, రైలు దానంతటది పోవాల అన్నారు. ఈ విషయంలో మాత్రం ఆయనది ఉడుంపట్టు.

అప్పటి నుంచి ఇద్దరికీ కొత్త ఇంజను మీదే ధ్యాస. ఆయనకు బలం ఒక్కటీ చాలదు, పోలిక కూడా కావాలి. రోజూ ఆదోనిలో ఆగే బొంబాయి మెయిలు ఇంజనులా నల్లగా, నొసట పెద్ద దీపంతో ఉండాలి. పని మీద మద్రాసు పోయినప్పుడల్లా బొమ్మల అంగడికి వెళ్ళి, ఆ ఏటి కొత్త మోడళ్ళ పుస్తకం తెచ్చేవారు. నేను చేతులు తుడుచుకుని పక్కన కూర్చునేదాన్ని. పేజీ తిప్పితే ఆకుపచ్చది, ఇంకో పేజీ తిప్పితే ఎర్రది, నీలంది. అన్నీ దొరల దేశంలో తిరిగేవే. వాళ్ళు వాళ్ళ రైళ్ళు చేసుకుంటారు గానీ ఆదోనిలో ఆగే బండిని ఎవరు చేస్తారండీ, అని నేను విసుక్కునేదాన్ని. ఏదో ఒక ఏడు చేస్తారులే అనేవారు. చెయ్యమని అంగడాయన ద్వారా ఆ బొమ్మ రైళ్ళ కంపెనీకి కబురు కూడా పంపారు. ఉలుకూ పలుకూ లేదు. రెండు మూడు పుస్తకాలు చూశాక ఆయన పోలిక సంగతి వదిలేశారు. ఏ రంగుదైనా సరే, ఎత్తెక్కితే చాలన్నారు.

మా నాయనది ఇంకో పిచ్చి. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఆయన కాలు నేల మీద నిలవలేదు. రాజధానికి ఆదోని నుంచి లైను వేయక తప్పదు, వేస్తే ఎమ్మిగనూరు మీదుగా వేయకా తప్పదు, ఇదీ ఆయన లెక్క. ఊళ్ళో పెద్దమనుషులతో కలిసి ఏ నాయకుడు వచ్చినా అర్జీ పట్టుకుని ముందు నిలబడేవాడు. ప్రతివాడూ చూస్తామనే అన్నాడు. ఆదోని వచ్చినప్పుడల్లా ఇంకెంత, రేపో మాపో అని మాకు చెప్పేవాడు. అల్లుడి రైలు చూడమంటే మాత్రం నవ్వేసి, నేను నిజమైందే చూస్తాలే అనేవాడు.

రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. మా నాయన కొన్నాళ్ళు మా ఇంటి వైపు రాలేదు.

ఆ మరుసటి ఏడు మా ఆయన మద్రాసు నుంచి గాల్లో తేలుతూ వచ్చారు. కొత్త పుస్తకంలో ఎత్తులెక్కే ఇంజను ఒకటి ఉందట. నల్లదే, దీపం మాత్రం లేదు. దీపం మనం పెట్టుకుందాం అన్నారు. ఓడలో రాగానే పంపుతానని అంగడాయన మాటిచ్చాడట. నాకు నమ్మకం కలిగింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఎత్తు మీద పట్టాలు తుడిచి ఉంచాను.

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధ పూజనాడు మా ఇంట్లో కాటాలకు, తూకం రాళ్ళకు, లారీకి, ఆఖరికి కత్తిపీటకు కూడా పసుపు కుంకుమలు పెడతారు. చక్రమున్నదేదీ పూజ లేకుండా ఉండకూడదని మా అత్త పట్టు. నేను వంటింట్లో ఉండగా ఆమె మిద్దెక్కి ఇంజనుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, లారీకి చేసినట్టే చక్రాల కింద నిమ్మకాయ పెట్టి, చేత్తో అదిమి తొక్కించింది. నిమ్మరసం లోపలికి దిగింది. పండగ సందడిలో ఎవరూ పైకి పోలేదు. తర్వాత చూస్తే చక్రాలు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. ఆయన విప్పారు, నూనె పోశారు, చివరికి కీ చేతిలో విరిగింది. తల్లిని ఒక్క మాట అనలేదు. కొత్తది వస్తుంది కదా అన్నారు.

కొత్తది రాలేదు. దేశంలో విదేశీ డబ్బు కరువై, ఇలాంటి సరుకు ఇక తెప్పించకుండా ప్రభుత్వం ఆపేసిందని, దాని కోసం చూడొద్దని అంగడాయన కబురు పెట్టాడు. మనిషి మంచివాడు, కొత్త మోడళ్ళ పుస్తకం ఒకటి ఊరికే పంపాడు. మా ఆయన దాన్ని తెరవలేదు.

ఆ చలికాలంలోనే గూడ్సు షెడ్డులో నూలు విడిపించుకోవడానికి మా నాయన వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. భోజనం అయ్యాక ఎవరూ అడగకుండానే, ఆ రైలేదో చూపించమన్నాడు. పైకి తీసుకుపోయాం. ఆదోని కొండ దగ్గర మొదలుపెట్టి, రేగడి చేల వెంబడి నడుచుకుంటూ కిటికీ దాకా వచ్చాడు. బోర్డు చదివాడు. చీర అంచు ముక్కను వేలితో ముట్టుకున్నాడు. అప్పుడు ఎత్తు కింద ఆగిపోయిన ఇంజనును చూశాడు, దాని మీద కుంకుమ ఇంకా ఉంది.

"ఇది మా ఊరికెప్పుడు పోతాదప్పా?" అన్నాడు.

మా ఆయన తల వంచుకున్నారు. "ఇంక పోదు మామా. కొత్త ఇంజను రాదని మద్రాసు అంగడాయన చెప్పేసినాడు."

నేను మా నాయన మొహం చూడలేక కిటికీలోంచి బజారు చూస్తూ నిలబడ్డాను.

"మీరే నయమప్పా," అన్నాడు మా నాయన. "రాదని మీకు చెప్పినాడు ఆయప్ప. మాకు ఇన్నేండ్లలో ఎవురూ ఆ మాట చెప్పలేదు. చెప్పింటే ఇంటికాడ కూసుండేవాణ్ణి."

ఆయనను బస్సెక్కించి వచ్చాం. బస్సు కదిలాక కూడా ఆయన కిటికీలోంచి వెనక్కి చూడలేదు. ఇంటికొచ్చి నేను నేరుగా మిద్దెక్కాను. ఎమ్మిగనూరు ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళందరినీ తీసి బిస్కెట్ల డబ్బాలో పెట్టసాగాను. చంకలో బిడ్డ ఉన్నామెను ఆఖరున తీశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి ఎందుకని అడిగారు.

"రాని బండికి వీళ్ళు ఎంతసేపని నిలబడుంటారు," అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఆయన దగ్గరికి వచ్చి, నేను రాసిన బోర్డును పీకబోయారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"అది ఉండనీండి. ఊరు యాడికీ పోలేదు కదా."

ఆయన బోర్డు వదిలేశారు. డబ్బా మూత బిగించి నాకిచ్చి, గదికి తాళం వేశారు.