సొరుగులో మొలిచిన ఆకు

వీధిలో అందరూ ఆమెను బైండింగక్క అనేవారు. చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసి, అట్టలు అంటించడం ఆమె పని. ఎంత మొండి పుస్తకాన్నైనా దారికి తెచ్చేది గానీ, ముక్కు మీది కోపం మాత్రం ఆమె మాట వినేది కాదు. చెప్పకుండా పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన చెల్లెలితో నాలుగేళ్లుగా మాటల్లేవు.

ఆ చెల్లెలి దగ్గర్నుంచి ఒకరోజు కవరు వచ్చింది. "ఇన్నాళ్లకి గుర్తొచ్చానా" అని గొణుక్కుంటూ, విప్పకుండానే దారపు ఉండల సొరుగులో పడేసింది. పడేసిందే గానీ, దారం తీసినప్పుడల్లా కవరు మీది గుండ్రటి అక్షరాలను ఓరకంట చూసుకునేది.

నెల తిరిగేసరికి కవరు ఉబ్బింది. అంచు కత్తిరించి చూస్తే, లోపల రణపాల ఆకు. చిన్నప్పుడు ఇద్దరూ పుస్తకాల్లో దాచి, ఎవరిది ముందు మొలుస్తుందా అని పందెం కాసుకున్న ఆకే. మన్ను లేదు, నీళ్లు లేవు. అయినా అంచు నొక్కుల్లోంచి ఐదు పాలిపోయిన మొలకలు లేచి, సన్నటి వేళ్లతో ఉత్తరాన్ని పట్టుకుని ఉన్నాయి. కాగితం చిరగకుండా వేళ్లు విడదీసి చదివింది.

"అక్కా, మూడో తారీఖు పొద్దున బండిలో మన ఊరి మీదుగా వెళ్తున్నాం. స్టేషన్లో పది నిమిషాలు ఆగుతుందట. కోపం తగ్గకపోతే రావద్దులే. నేను మాత్రం కిటికీ పక్కనే కూర్చుంటా."

గోడ మీది క్యాలెండరులో ఇరవయ్యారో తారీఖు.

మూడో తారీఖు పొద్దున తానేం చేస్తోందో ఆమెకు గుర్తొచ్చింది. ఈ బల్ల ముందే కూర్చుని, దారం కోసం సొరుగు తీసి, కవరును ఓరకంట చూసి, మళ్లీ మూసేసింది.