షోకేసులో చిక్కిన మధ్యాహ్నం

నిన్న కొత్త బీరువా తలుపు తెరవగానే వార్నిష్ వాసన గుప్పుమంది. చటుక్కున వెనక్కి జరిగాను.

మన ఈడు వాళ్ళకి గుర్తుందా? అరవైల చివర్లో మనకి షో అంటే టూరింగు టాకీసులో మొదటి షో, రెండో షో. గొప్పలు పోయేవాళ్ళని 'షో సేస్తన్నాడు' అనేవాళ్ళం. అప్పుడే పాతపట్నంలో మా నాన్న బట్టల కొట్టుకి అద్దాల షోకేసు తెప్పించారు.

ఒక మధ్యాహ్నం నాన్న కొట్టు వెనక ఇంట్లో భోంచేస్తున్నారు. ఆరేళ్ళ నేను షోకేసులో బొమ్మకి కట్టిన జరీ చీర ముట్టుకుందామని వెనక తలుపులోంచి లోపలికి దూరాను. ఎవరైనా చూస్తారని తలుపు లాక్కునేసరికి బయట గడియ పడిపోయింది.

ఎంత తోసినా రాలేదు. ఎండకి అద్దం కాలిపోతోంది. వార్నిష్ ఘాటుకి గొంతు మండుతోంది. అద్దాన్ని రెండు చేతులతో బాదుతూ అరిచాను. సంతకి వచ్చినవాళ్ళు వీధిలో గుమిగూడారు.

"ఓలమ్మో, సూడండర్రా! పిల్ల బలే షో సేస్తన్నాది!" అని ఒకావిడ నవ్వింది. నేను ఏడ్చేకొద్దీ అందరూ ఇంకా నవ్వారు. చివరికి కళ్ళు తిరిగి బొమ్మ మీద కూలబడ్డాను.

ఆ నవ్వులకి నాన్న ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చారు. గడియ బిగుసుకుపోయి ఊడలేదు.

"కళ్ళు మూసుకోయే అమ్మా!" అని అరిచి, బట్ట కొలిచే ఇనప కడ్డీతో పక్క అద్దం పగలగొట్టారు. నన్ను వీధిలోకి ఎత్తుకొచ్చి, "గాలి పీల్సుకో తల్లీ, గాలి పీల్సుకో" అంటూనే ఉన్నారు.

నేను పీల్చుకుంటూనే ఉన్నాను. ఆయనకే ఊపిరి అందడం లేదు.