నా సంచి చూసిన మంచు

ఆ వయసులో మనిషికి ఒక గొప్ప నమ్మకం ఉంటుంది: తాను వేసిన పథకం తనదేనని. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాకముందే నాకు ఆ నమ్మకం పోయింది. పోగొట్టినవాళ్ళు పరాయివాళ్ళు కారు, మావాళ్ళే. మా చుట్టాల్లో నన్ను వెనకాల ‘పిటిషన్’ అంటారు. ఎప్పుడో మా చిన్నాన్న పెళ్ళిలో నా ఆకులో పాయసం వడ్డించకుండా దాటిపోయిన సంగతి ఇప్పటికీ చెబుతానని ఆ పేరు. (చెబుతాను. వడ్డించిన మనిషి వేసుకున్న చొక్కా రంగు కూడా చెప్పగలను.) కాబట్టి ఈ కథలో నా మాట నమ్మవచ్చు. మరిచిపోయే గుణం నాకు లేదు.

అప్పుడు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. నా పక్క మిషన్ దగ్గర ఒక స్నేహితుడుండేవాడు. ఏ ఊరి పేరు చెప్పినా దారి, టోల్‌గేటు, మంచి ఇడ్లీ దొరికే చోటు చెప్పేవాడు గనక వాణ్ణి అందరం ‘మ్యాపు’ అనేవాళ్ళం. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో వాడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. తెల్లటి కొండ, కాళ్ళకు పొడుగాటి పలకలు కట్టుకుని ఒక మనిషి పక్షిలా జారిపోతున్నాడు. వెంటనే ఇంకో వీడియో: చుట్టూ మంచు, మధ్యలో పొగలు కక్కే వేడినీటి గుండం, అందులో మెడదాకా మునిగి ఒకాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పగలంతా జారడం, సాయంత్రం గుండంలో నానడం. ఆ క్షణంలో నా జీవితానికి ఒక అర్థం దొరికింది. చలికాలంలో మనాలి దాకా రోడ్డు మీదే పోవాలనుకున్నాం, వాడి చిన్న కారులో, మేమిద్దరమే. నేను అంతదాకా మంచును ఐస్‌క్రీం బండి డబ్బా లోపలి గోడలకు తప్ప ఎక్కడా చూసినవాణ్ణి కాదు. ఒక్కసారి, ఒక్కసారైనా, మంచు మీద జారాలి. అంతకుమించి దేవుణ్ణి ఆ ఏడాది ఏమీ అడగలేదు.

సాధన లేకుండా పోతే అక్కడివాళ్ళు నవ్వుతారని, ఒక ఆదివారం మ్యాపును వెంటబెట్టుకుని గురుబరపల్లిలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. నన్ను పెంచింది ఆమే. మామిడితోట వెనక ఒక గుట్ట ఉంది, దాని మీద ఎండుగడ్డి నున్నగా పడుకుని ఉంటుంది. మామిడికాయల పెట్టెల పలకలు రెండు ఊడదీసి, బూట్లకు తాడుతో కట్టుకుని, పైనుంచి జారాను. జారిన దూరం తక్కువ, దొర్లిన దూరం ఎక్కువ. కంచె దగ్గర ఆగి కళ్ళు తెరిస్తే ఎదురుగా పెద్దమ్మ. సంగతంతా చెప్పక తప్పలేదు. ఆమె నెమ్మదిగా విని, “జారి పడేదానికి అంత దూరం పోవాలనా అప్పా? మన బచ్చలింట్లో చాలదా?” అంది. (బచ్చలిల్లంటే స్నానాల గది. నాచు పట్టిన ఆ బండల మీద మా ఇంట్లో పడని మనిషి లేడు.)

అక్కడితో అయిపోయేది. కానీ మ్యాపుకు పెద్దల్ని మంచి చేసుకునే జబ్బు ఉంది. ఆమెను మెత్తబరచాలని, అక్కడికి దగ్గరలోనే మణికర్ణ్ అని శివుడి క్షేత్రం ఉందని, భూమిలోనుంచి నీళ్ళు సలసల కాగుతూ వస్తాయని, బియ్యం గుడ్డలో మూటగట్టి ముంచితే అన్నమైపోతుందని, ఆ నీళ్ళు చల్లార్చిన గుండంలో స్నానం చేస్తే మోకాళ్ళ నొప్పులు పోతాయని చెప్పాడు. నేను కంచెలో చిక్కుకున్న ప్యాంటు విడిపించుకుంటున్నాను గాని, లేకపోతే వాడి నోరు మూసేవాణ్ణి. పెద్దమ్మ తన మోకాళ్ళు ఒకసారి నిమురుకుంది. తర్వాత, “సంగటి కూడా ఉడుకుతుందా?” అని అడిగింది. నా యాత్ర ఆ ప్రశ్నతో చచ్చిపోయింది. అది నాకు తెలియడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది.

మరుసటి ఆదివారానికి చిన్న కారు పోయి టెంపో ట్రావెలర్ వచ్చింది. జూజువాడిలో టైర్ల అంగడి పెట్టుకున్న మా బావ (పెద్దమ్మ అల్లుడు) దాన్ని మాట్లాడాడు. మామిడి పూతకు మందు కొట్టే సమయానికి తిరిగి రావాలని ఆమె తేదీలు జరిపింది. దారిలో ఏయే గుడులు తగులుతాయో మ్యాపును అడిగి తెలుసుకుంది. ఆ ద్రోహి ప్రతి గుడికీ ఒక పూట చొప్పున కేటాయించుకుంటూ పోయాడు. జారే రోజులు మూడు ఉండేవి, రెండయ్యాయి, ఒకటయ్యింది, చివరికి ‘టైముంటే’ అయ్యింది. నేను అడ్డం తిరిగితే బావ నా భుజం తట్టి, “మంచు యాడికి పోతుంది బామ్మర్దీ? దేవుడి దర్శనం టైముకి మూసేస్తారు” అన్నాడు. ఆ తట్టడం కూడా నేను మరిచిపోలేదు.

దీనికంతా తల వంచాను. కానీ ఒక్క విషయం మింగుడుపడలేదు. మా వైపు తీర్థయాత్ర అంటే పెళ్ళితో సమానం. తీసుకుపోయే ఇంటివాళ్ళు గడప గడపకూ వెళ్ళి, ఆడవాళ్ళకు బొట్టుపెట్టి, మగవాళ్ళకు తాంబూలం చేతికిచ్చి, “మాతో రావాల” అని నోరారా పిలవాలి. అట్లా పిలవకపోతే మర్యాదగలవాడెవడూ బండెక్కడు. పెద్దమ్మ కృష్ణగిరిలో ఉన్న వియ్యంకుల్ని పిలిచింది. పాలుపోసే ఆమెను పిలిచింది. మ్యాపు ఉండే గదికి హోసూరు దాకా వచ్చి వాడి చేతిలో ఆకూవక్కా పెట్టి పిలిచింది. వాడి గదికి నా గది రెండు వీధుల అవతల. వచ్చి, వాణ్ణి పిలిచి, వెనక్కి వెళ్ళిపోయింది. ఎవడి యాత్ర అది? ఎవడు గుట్ట మీదనుంచి దొర్లినవాడు? నేను నిశ్చయించుకున్నాను: పిలుపు వస్తే పోతాను, రాకపోతే లేదు. అడగను మాత్రం. అడిగి పెట్టించుకున్న మర్యాద మర్యాద కాదు.

ఈలోగా ఇంకో చిక్కు. బయలుదేరేది బుధవారం. బుధవారం ఉత్తరానికి శూల, ఆ దిక్కుకు అడుగుపెట్టకూడదు. దీనికి మా పెద్దలు కనిపెట్టిన ఉపాయం పరస్థానం. మంచిరోజు చూసి మన సంచిని ముందుగా ఆ దిక్కున ఉన్న ఇంకొకరి ఇంటికి పంపించేస్తే, మనం బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత మనిషి ఏ వారం కదిలినా దోషం లేదు. సోమవారం నాడు పెద్దమ్మ కూతురు, మా అక్క, వచ్చి అందరి సంచులతోపాటు నాదీ జూజువాడికి పట్టుకుపోయింది. అందులో నా స్వెటర్లు, చేతి తొడుగులు, చెవుల టోపీ, మందపాటి కోటు, ఊలు సాక్సులు ఉన్నాయి. ఇచ్చేశాను. పిలుపు వస్తుందనే ఆశ ఇంకా ఉండేది మరి.

బుధవారం తెల్లవారకముందే స్నానం చేసి, బూట్లు కట్టుకుని, మంచం మీద కూర్చున్నాను. ఫోన్ ఒళ్ళో ఉంది. అది మోగలేదు. కొంతసేపటికి మేడ మీదికెక్కి చూశాను, అక్కడినుంచి హైవే కనిపిస్తుంది. కృష్ణగిరి వైపునుంచి మా ట్రావెలర్ వచ్చింది, ముందు అద్దానికి వేపాకులు, నిమ్మకాయల దండ. ఆగుతుందనుకున్నాను. వేగం తగ్గింది కూడా. గుంత కోసం తగ్గిందట, దాటుకుని జూజువాడి వైపు వెళ్ళిపోయింది. జూజువాడిలో ఎక్కాల్సిన వాళ్ళు ఎక్కాక నాకోసం వెనక్కి వస్తారని ఇంకా కూర్చున్నాను. (బూట్లు మాత్రం విప్పలేదు.) ఎండ వచ్చింది. ఎవరూ రాలేదు.

జరిగింది ఏమిటంటే, సామాన్లు సర్దడానికి ముందురోజే జూజువాడికి చేరి అక్కడే ఎక్కిన మ్యాపూ, బావా నేను గురుబరపల్లి నుంచే పెద్దమ్మతో వచ్చానని అనుకున్నారు. పెద్దమ్మ ఏమో నేను జూజువాడిలో ఉన్నాననుకుంది. అందరూ మంకీ క్యాపులు పెట్టుకుని, శాలువాలు కప్పుకుని, ఎవరెవరో తెలియకుండా ఉన్నారు. నా సంచిని కిటికీ పక్క సీట్లో పెట్టి, దానిమీద ఒక దుప్పటి కప్పారు. బావ లెక్క చూస్తే సరిగ్గా సరిపోయింది. పెనుకొండ దాటాక చెట్టుకింద ఆపి చిత్రాన్నం వడ్డిస్తే ఒక ఆకు మిగిలింది. అప్పుడు మ్యాపు ఫోన్ చేశాడు.

“రేయ్, నువ్వు యాడుండావు?”

“హోసూర్లో.”

“మరి ఈడ సీట్లో ఉండేది?”

“నా సంచి.”

వాడు ఫోన్ పెద్దమ్మకిచ్చాడు. ఫోన్ చెవికి గట్టిగా ఆనించాను. ఇప్పటికైనా ఆ ఒక్క మాట అంటుందని. ఆమె చాలా మామూలుగా, యాత్రకు కదిలిన బండి వెనక్కి తిరగకూడదని, నేను రైలెక్కి ఢిల్లీలో కలుసుకోవాలని, వచ్చేటప్పుడు వాకిట్లో మరిచిపోయిన రాగిపిండి డబ్బా తీసుకురావాలని చెప్పింది.

“నన్ను ఎవరు పిలిచినారు పెద్దమ్మా?” అన్నాను.

“నీ సంచి వచ్చింది గదప్పా. ఇంకా పిలిచేదేంది?”

రాగిపిండి మోసుకొచ్చే కూలీగా హిమాలయాలు చూడవలసిన గతి నాకు పట్టలేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. నేను చేసింది సరైన పనే. కానీ హోసూరు చలి సంగతి తెలిసినవాళ్ళకే తెలుసు. ఆ డిసెంబరులో పొగమంచు మధ్యాహ్నం దాకా విడవలేదు. నా దగ్గర ఉన్న ప్రతి ఊలు గుడ్డా మణికర్ణ్ దారిలో ఉంది. పెట్టుకున్న సెలవంతా గదిలో దుప్పటి కప్పుకుని, దంతాలు టకటకలాడుతుంటే, ఫోన్‌లో వచ్చే ఫోటోలు చూశాను. వేడి గుండం పక్కన సంగటి మూట పట్టుకున్న పెద్దమ్మ (రాగిపిండి దారిలోనే దొరికిందట). నా చెవుల టోపీలో బావ. నా తొడుగులతో మామిడికాయ ఊరగాయ అన్నం కలుపుతున్న అక్క. చివర్లో ఒక ఫోటో వచ్చింది, అది చూశాక ఫోన్ తిరగేసి పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాను. సోలంగ్ లోయలో తెల్లటి వాలు మీద, చీరమీద నా కోటు వేసుకుని, కాళ్ళకు పలకలు కట్టుకుని, ఇద్దరు మనుషులు చెరోపక్క పట్టుకోగా, నోరు బార్లా తెరిచి జారుతున్న మా పెద్దమ్మ.

వాళ్ళు తిరిగివచ్చాక పది రోజులు గురుబరపల్లికి పోలేదు. పదకొండో రోజు ఆమే ప్రసాదం పట్టుకుని నా గదికి వచ్చింది. నేను కుర్చీ వేసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆమె ప్రసాదం చేతిలో పెట్టి, రాలేనివాళ్ళ పేరు చెప్పి గంగలో మునిగినట్టే గుండంలో నా పేరున మూడు మునకలు వేశానని, అంతటితో ఊరుకోకుండా మంచు మీద కూడా నా పేరు చెప్పుకుని జారానని చెప్పింది. “పుణ్యమంతా నీదేనప్పా. నాకు మోకాలు వాచింది, అంతే.”

పట్టుదలగా కూర్చున్నవాణ్ణి, నాకు తెలియకుండానే అడిగేశాను, ఎట్లా ఉండింది అని.

“కాళ్ళకింద ఏమీ లేనట్టుండిందప్పా. నువ్వు ఉండాల్సింది.”

“రమ్మని ఒక్క మాట అనింటే వచ్చేవాణ్ణి గదా.”

ఆమె నన్ను నిజంగానే అర్థంకానట్టు చూసింది. “ఇంట్లోవాణ్ణి పిలిచేదెట్లప్పా? బొట్టుపెట్టి పిలిస్తే బయటోడివి అయిపోవూ?”

ఆ మాటకు ఇన్నేళ్ళలో చాలా జవాబులు తోచాయి, ఒక్కటీ సరిపోలేదు. నేను ఇంతవరకు మంచు మీద జారలేదు. పిల్లలు అడిగితే, నా పేరున జరిగిపోయిందని చెబుతాను. తప్పు ఆమెదేనన్నది ఇప్పటికీ నా అభిప్రాయం, దాన్ని మార్చుకోను. కానీ ఈమధ్య ఒక కొత్త బాధ మొదలైంది. మొన్న మా అక్క కూతురి పెళ్ళికి బావ నా ఇంటిదాకా వచ్చి, పళ్ళెంలో ఆకూవక్కా పెట్టి, చేతులు జోడించి, నోరారా పిలిచాడు. ఏ లోపమూ లేని పిలుపు. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాక తాంబూలం పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను, వీళ్ళకు నేను బయటివాణ్ణి ఎప్పుడయ్యానా అని. ఆ సంగతి కూడా మరిచిపోను.