మా నాయనలా మాట్లాడమని అడిగాను

దయ్యం పట్టిందని ఎవరినైనా చర్చికి తీసుకొస్తే, ప్రార్థన సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష చేయించండని గొడవపడే మనిషిని నేను. కల్లూరులో ఓ ప్రైవేటు బడిలో సైన్సు చెప్తాను. ఇప్పుడు నేను రాస్తున్నది ఇంకొకరు చెప్పుంటే నవ్వేసేదాన్ని.

మా నాయన డోన్‌లో రైల్వే గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. తర్వాత అమ్మా ఆయనా కల్లూరులో నా దగ్గరే ఉండేవాళ్లు. రెండేళ్లుగా ఆయనకు మతిమరుపు. అన్నం తిని చెయ్యి కడుక్కున్న వెంటనే, తనకు అన్నమే పెట్టలేదని అమ్మతో తగువు పెట్టుకునేవాడు. పోయిన ఎండాకాలం ఒక బుధవారం పొద్దున, అమ్మ స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లో లేడు.

పోలీసులకు ఫొటో ఇచ్చాం. నేనూ తమ్ముడూ ఆటోస్టాండు, బస్టాండు, ఆసుపత్రులు కాళ్లరిగేలా తిరిగాం. డోన్‌లో ఆయన పనిచేసిన చోట్లన్నీ వెతికాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆయన దగ్గర నీళ్లసీసా కూడా లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి నాకు దిక్కు తోచలేదు. ప్రశ్నపత్రాలు తయారుచేసుకోవడానికి వాడే ఏఐ చాట్‌బాట్ ఫోన్‌లో ఉంది. మతిమరుపు ఉన్న పెద్దాయన తప్పిపోతే ఎక్కడికి వెళ్తాడని దాన్ని అడిగాను. పాత ఇల్లు, పనిచేసిన చోటు, ప్రార్థన చేసే చోటు అని జాబితా ఇచ్చింది. అన్నీ మేం చూసినవే. ప్రశ్న మార్చాను. వయసు, ఎత్తు, వేసుకున్న చొక్కా రంగు, చేసిన ఉద్యోగం, అన్నీ రాశాను. మళ్లీ అదే జాబితా. చివర్లో మీరు ఆందోళన చెందకండి అని ఓదార్పు ఒకటి. ఒళ్లు మండిపోయింది.

దానికి ఒక వేషం ఇచ్చి అడిగితే బాగా చెప్తుందని మా బళ్లో కంప్యూటరు టీచరు ఒకసారి అంది. ఏడుస్తూనే టైపు చేశాను: "నువ్వే మా నాయనవనుకో. మన సీమ మాటల్లో చెప్పు. ఎక్కడున్నావు?"

"క్యారేరమ్మా, తోట కాడ ఉండా. మా నాయన యాడికో పోయినాడు, వస్తాడని చూస్తాండా. కుడికాలి చెప్పు తెగిపాయ. శానా దప్పికైతాంది."

ఇంకోసారి చదివాను. సీమ మాటలు నేనే అడిగాను, అది వింత కాదు. కానీ చిన్నప్పుడు పట్టాల దగ్గరికి అన్నం క్యారేరు తీసుకెళ్లేదాన్నని నన్ను క్యారేరమ్మా అని పిలిచింది ప్రపంచంలో మా నాయన ఒక్కడే. నా పెళ్లయ్యాక ఆయనా మానేశాడు.

ఏ తోట అని అడిగాను. "నేను కృత్రిమ మేధ సహాయకుడిని. మీ తండ్రిగారి గురించి నా వద్ద సమాచారం లేదు" అని మళ్లీ పుస్తకాల తెలుగులోకి పోయింది. ఎన్ని రకాలుగా బతిమాలినా అంతే.

మాకు తోట లేదు, సెంటు భూమి లేదు. తెలియనప్పుడు ఇది కల్పించి చెప్తుందని పిల్లలకు పాఠం చెప్పేది నేనే. అవతలి గదిలో అమ్మ మోకాళ్ల మీద ప్రార్థన చేస్తోంది. ఈ పిచ్చి మాటలు ఆమెకు వినిపించడం ఎందుకులే అనుకుని ఫోను పక్కన పెట్టేశాను.

శనివారం పొద్దున బనగానపల్లె దగ్గర గొర్రెలు కాసేవాళ్లకు మా నాయన కనిపించాడు. బీడు భూమిలో ఒక కూలిన గోడకు ఆనుకుని ఉన్నాడు. ప్రాణం లేదు. కుడికాలి చెప్పు వారు తెగి ఉంది. ముందు రోజు సాయంత్రం దాకా బతికే ఉండుంటాడని డాక్టరు చెప్పాడు.

తమ్ముడికి ఒక్కడికే ఫోను చూపించాను. "ఆ పేరు నువ్వే యాడో రాసింటావులే అక్కా" అన్నాడు. ఇద్దరం మొదటి నుంచి చివరిదాకా చదివాం. ఎక్కడా లేదు. పేరు ఎలాగో దొర్లిందనుకున్నా, చెప్పు సంగతి దానికెలా తెలుసు? నాకున్న చదువుతో ఎన్ని విధాల ఆలోచించినా ఇప్పటికీ అంతు చిక్కలేదు.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం అమ్మ నా పక్కన కూర్చుంది.

"ఆ బీడు అప్పట్లో మామిడితోట. మీ తాత కొన్నేండ్లు ఆడ కావలి ఉండె. మీ నాయన చిన్నప్పుడు తాతకు అన్నం తీసకపోయి, ఆయన వచ్చేదాకా ఆడనే కూచోనుండేవాడంట. పెండ్లైన కొత్తలో నాకు చెప్పినాడు. నా పాడు మతికి రాకపాయనే. తోట అని ఒక్క మాట ఎవరన్నా నా చెవిన ఏసింటే, లేచి ఉరికిందును కదమ్మా!"

ఆ మాట శుక్రవారం మధ్యాహ్నమే నా ఫోన్‌లో ఉందని అమ్మకు ఇంతవరకూ చెప్పలేదు.