మోటారుసైకిల్‌ను పడవ చేసిన పెద్దబాపు

పొద్దున్న టీ వడకడుతుంటే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఎవరో ఆవిడ పెద్దబాపు పేరు, వయసు చదివి, "ఆప్ కే పేషెంట్ నహీ రహే" అంది, మీ మనిషి ఇక లేరని. గొంతులో విసుగు లేదు, జాలీ లేదు. అలాంటి ఫోన్లు ఆ పూట ఇంకా చాలా చేయాల్సి ఉందేమో. పక్కింట్లో ఉన్న ఆయన భార్యకు, మా పెద్దమ్మకు, ఈ మాట ఎలా చెప్పాలా అని గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. చెప్పే పని పడలేదు. సూరత్‌లోని మా గోడాదరా గల్లీలో ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్క ఇటుక మందమే గోడ. నేను "హా జీ" అనడం, ఆ తర్వాత మాట లేకపోవడం ఆమె వినేసింది.

పెద్దబాపు నాకు చుట్టం కాదు. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి మరమగ్గం మీద పనికి నిలబడినప్పుడు, ఆ మగ్గాలు బాగుచేసే ఫిట్టర్ ఆయన. నాన్న అన్నా అని పిలిచాడు కాబట్టి నాకు పెద్దబాపు అయ్యాడు. నాన్న పోయాక నాకు తండ్రి అంటే ఆయనే.

సలాబత్‌పురాలో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. ఆ ఖాతాల చప్పుడులో బతికి ఆయన చెవులు సగం పోయాయి. అందుకని ఏ యంత్రమైనా చెవితో వినేవాడు కాదు, అరచెయ్యి ఆనించి చూసేవాడు. తన పాత మోటారుసైకిల్‌ను వెళ్ళే పని లేకపోయినా రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి, టాంకు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. "జర నలతగున్నది దీనికి" అనేవాడు, ఇంట్లో పిల్లకు ఒళ్ళు వెచ్చబడినట్టు. "బండైనా మనిషైనా గాలి ఆడే తొవ్వ మూసుకపోవద్దు బిడ్డా" అని నాకు చిన్నప్పటి నుంచీ చెప్పాడు. నేను బండి గురించే అనుకున్నాను.

ఇంకో అలవాటు మాత్రం పెద్దమ్మకు ఒళ్ళు మండించేది. మనలో ఎవరు గడప దాటినా పోయొస్తా అంటారు. ఆయన "పోతున్న" అనేవాడు. పాలకు వెళ్ళినా అంతే, ఊరికి వెళ్ళినా అంతే.

"గదేం మాట? పోయొస్త అంటే నీ నోరు పడిపోతదా?" అనేది పెద్దమ్మ.

"పోయేదైతే నిజమే గద. వచ్చేది వచ్చినంక సూద్దువు."

మేమంతా నవ్వేవాళ్ళం. చావింటి నుంచి లేచేటప్పుడే ఎవరూ వస్తానని చెప్పరు. ఈయనకు అన్ని ఇళ్ళూ చావిళ్ళేనా అని మా అమ్మ మూతి తిప్పేది.

వయసులో ఉన్నప్పుడు ఆయన పటాలంలో బండ్లు బాగుచేసే సిపాయి. బంగ్లాదేశ్ యుద్ధంలో మోటారుసైకిల్‌ను పడవ చేసిన కథ మా గల్లీలో తెలియనివాళ్ళు లేరు. నది మీద వంతెన కూలింది, పడవల్ని శత్రువులు ముంచేసి పోయారు, అవతలి ఒడ్డున గాయపడ్డ మనవాళ్ళు. ఖాళీ డీజిల్ పీపాలు, వెదురు బొంగులు కలిపి తెప్ప కట్టారు. దాని మీద మోటారుసైకిల్‌ను నిలబెట్టి తాళ్ళతో బిగించారు. వెనక చక్రానికి టైరు తీసేసి చెక్క పలకలు కట్టి, సగం చక్రం నీళ్ళలో మునిగేలా తెప్ప మధ్యలో సందు వదిలారు. గేరు వేస్తే ఆ పలకలు నీళ్ళను వెనక్కి తోసేవి, తెప్ప ముందుకు పోయేది. ఇంజిన్‌లోకి నీళ్ళు పోకుండా సైలెన్సర్‌కు గొట్టం అతికించి పైకి తిప్పారు. ఇదంతా ఆయన మగ్గాల మధ్య మాట్లాడినట్టే అరిచి చెప్పేవాడు. "ఇద్దరిద్దర్ని ఏస్కొచ్చిన. నదంత నా బండి చప్పుడే" అని ఆపేసేవాడు. కథ అక్కడితో అయిపోయిందనుకునేవాళ్ళం.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. సగం గల్లీ ఊళ్ళకు వెళ్ళిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఆయన మిగతా కథ చెప్పాడు. గొంతు తగ్గించి మాట్లాడటం ఆయనకు వచ్చని నాకప్పుడే తెలిసింది.

"ఆఖరుకు ముగ్గురు మిగిలిన్రు బిడ్డా. తెప్ప మీద ఇద్దరికే జాగ. ఒక పిల్లగాన్ని అవుతలి ఒడ్డుకే దుప్పటి మీద పండవెట్టినం. కాలు నుజ్జయింది వానికి. 'ఆయేగా నా' అని అడిగిండు. వస్త, గిట్ల పోయి గట్లనే వస్త అన్న. ఈ ఒడ్డుకు జర దూరం ఉన్నదనంగ పలక ఊడి గొట్టానికి తగిలింది. గొట్టం ఇరిగి ఇంజిన్ల నీళ్ళు పోయినయి. మావోళ్ళు తాడేసి గుంజిన్రు. బండి మల్ల లేవలే. ఇంకో పడవ దొరికి పోయి సూసేసరికి దుప్పటి ఒక్కటే ఉన్నది. ఎవలన్న తీస్కపోయిన్రో, నీళ్ళే తీస్కపోయినయో, ఇప్పటికీ తెల్వదు."

ఆయన అరుగు కింద ఉన్న బండి వైపు చూశాడు.

"వాడు ఎదురు సూస్తనే ఉండొచ్చు. అందుకే వస్త అనే మాట నేను అన" అన్నాడు. పెద్దమ్మ లోపలే ఉంది. ఆ రోజు తర్వాత ఆయన "పోతున్న" అంటే ఆమె మళ్ళీ కసరలేదు.

మరుసటి ఎండాకాలం ఆయనకు దగ్గు మొదలైంది. ఇంకో ఇంట్లో అయితే భయపడి పరుగెత్తేవాళ్ళు. మాది మగ్గాల గల్లీ, ఇక్కడ దగ్గని మగాడు లేడు. దూది పీచు, నూలు దుమ్ము గొంతులో పేరుకుంటే బెల్లం ముక్క నమిలి మింగుతారు. "ఖాతా దగ్గే బిడ్డా" అన్నాడు ఆయన. పెద్దమ్మ బెల్లం పెట్టింది, నేనూ తెచ్చి పెట్టాను. ఖాతా మానేసి ఎన్నో ఏళ్ళయిన మనిషికి ఖాతా దగ్గు ఇప్పుడెందుకు వస్తుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

ఊపిరి అందకపోయేసరికి ఆటోలో ఎక్కించాను. రింగ్ రోడ్డు మార్కెట్లన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. రెండు ఆసుపత్రుల్లో పడకలు లేవన్నారు. దారంతా ఆయన అరచెయ్యి తన రొమ్ము మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, బండిని చూసినట్టే. నేను మాట్లాడిస్తే చెయ్యి తీయకుండా తల అడ్డంగా ఊపాడు.

మూడో ఆసుపత్రిలో చక్రాల కుర్చీ తెచ్చారు. వెంట ఎవరూ రాకూడదన్నారు. గేటు దగ్గర నేను చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన కుర్చీ ఆపమని చెయ్యెత్తి, నా వైపు తిరిగాడు. మాస్కు కిందికి లాగి, ఊపిరి కూడబెట్టుకుని, "వస్త బిడ్డా" అన్నాడు.

నా ఏడుపు ఆపడానికి అన్నాడు. జన్మంతా నోట రానివ్వని మాటను నా కోసం అన్నాడు. నేను దాన్ని నమ్మి ఇంటికొచ్చి, పెద్దమ్మకు అదే చెప్పాను. వస్తనన్నడు, తన నోటితోనే అన్నడు అని మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఆమె గోడ వైపు చూస్తూ విన్నది. ఆ మాట ఆయన అన్నాడంటే ఏమిటో ఆమెకు నాకంటే ముందే తెలిసిపోయింది.

మనిషిని మాకు చూపించలేదు. మూటగట్టిన సంచీ ఒకటి దూరం నుంచి చూపించి, అదే ఆయనన్నారు. అది ఎవరో, ఆయనేనో, నాకు తెలియదు. అలా తెలియకపోవడం ఎంత నరకమో ఆయన ఒక్కడికే చెప్పుకోగలను, ఆయనేమో లేడు.

మగ్గాలు మళ్ళీ తిరుగుతున్నాయి. నేను రోజూ పెద్దమ్మకు ఇంత వండి పెట్టి, చావింట్లో లేచినట్టే మాట లేకుండా లేచి వస్తున్నాను. నిన్న పొద్దున్న ఆమె అరుగు దిగి బండి పక్కన నిలబడి ఉంది. ఆయన పెట్టే చోటే టాంకు మీద అరచెయ్యి ఆనించింది. ఆ బండిని ఆయన పోయాక ఎవరూ స్టార్ట్ చేయలేదు.

నేను గిన్నె తీసుకుని కదిలాను.

"ఏమన్న చెప్పి పో బిడ్డా" అంది, నా వైపు చూడకుండానే.

వస్తా పెద్దమ్మా అనాలి. పక్కిల్లే, నాలుగు అడుగులు. నోరు తెరిచాను, మాట రాలేదు. ఆమె చెయ్యి అలాగే ఉంది, చల్లటి టాంకు మీద.