గొంతు దిగని ప్రభువు రొట్టె

సహోదరులారా, ప్రభువు బల్ల దగ్గర రొట్టె మింగలేక, ద్రాక్షరసం ముక్కులోంచి కారిపోతుంటే సంఘమంతటి ముందర నిలబడ్డవాణ్ని నేను! పత్తికొండ పక్క మా ఊరి సంఘంలో పెద్దను, నడివయసు దాటాక అక్షరాలు నేర్చుకొని వాక్యం చదివేవాణ్ని, పొద్దున ఆరాధనలో బాగానే చదివి మాపటి కూటానికి వచ్చేసరికి కనురెప్పలు వాలిపోయి ఒక్కో అక్షరం రెండుగా కనిపించేది.

"ఏమప్పా పెద్దప్పా, పొద్దున నేర్చింది మాపటికే మర్చిపోతాండావా?" అని నవ్వేవాళ్లు.

రొట్టె దిగని ఆ ఆదివారంతో నవ్వులు ఆగిపోయాయి. దాచిన పాపమేదో ఉంది, అపాత్రుడై తిన్నాడు అన్నారు. నేనూ వెతికాను, చిన్నప్పటినుంచి చేసినవన్నీ తవ్వి ఒప్పుకున్నాను, అయినా రెప్ప లేవలేదు. చివరికి నా భార్య మార్తమ్మ గంజి పోసినా పొలమారి ప్రాణం పోయేట్టుంటే ఇట్లా ప్రార్థించాను: "తండ్రీ, పాపమైతే అదేందో చెప్పు, రోగమైతే తీసెయ్. ఏదీ చెప్పకుండా చూస్తాండావు, నాకేం తెలుస్తాది!"

పోయినేడు, 1956లో, మా సంఘం పాస్టరు అయ్యగారు రైలెక్కించి మిషను ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ సూది వేసిన కాసేపటికే రెప్పలు లేచాయి, నీళ్లు దిగాయి! పాపం సూదికి లొంగుతుందా? మందు బలం తగ్గగానే రెప్పలు మళ్లీ వాలాయి. గుండెకు పైన, రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే గ్రంథి ఉంటుందని, దాన్ని తీసేస్తే కండరాలు అలిసి పట్టు తప్పే ఈ రోగం కొందరికి తగ్గుతోందని ఆమె చెప్పింది.

"అది నాకు తెలుసమ్మా, మేకపిల్లను కోస్తే తెల్లగా కనపడతాది, ముసలి మేకలో వెతికినా దొరకదు. దాని పనేంది?"

"మనుషుల్లోనూ అంతే పెద్దాయనా, కానీ ఈ రోగమున్నవాళ్లలో చాలామందికి అది కరగకుండా మిగిలిపోతుంది. రోగంతో పోరాడే తెల్లకణాల వంటివి దాన్నిండా ఉంటాయి. అక్కడ అవేం చేస్తాయో మాకూ తెలియదు."

"పోరాడేదాన్ని తీసేస్తే నాకెట్లా బాగైతాది?"

"అదీ తెలియదు" అంది, దాచకుండా.

రొమ్ము కోసి తీశారు. మెల్లమెల్లగా బలం వచ్చింది, మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను. దేవుడు దాన్ని ఎందుకు పెట్టాడో, పెట్టినదాన్ని ఎందుకు తీయించాడో, నేను పాపం వెతుక్కుంటున్నన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నాడో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు, అర్థమైందని అబద్ధం చెప్పను.

పోయిన నెల బల్ల దగ్గర ఒక్కరూ కళ్లు మూసుకోలేదు, అందరూ నా గొంతునే చూస్తున్నారు. రొట్టె దిగింది! మార్తమ్మ గట్టిగా ఏడ్చేసింది. ఆ మాపు కూటంలో కీర్తన చివరిదాకా నేనే చదివాను, దేవునికే మహిమ! సహోదరులారా, ఎవరికైనా ముద్ద దిగకపోతే ఏం పాపం చేశావని అడగకండి, బండి కట్టండి, దారి పొడుగునా ప్రార్థన చేయండి. అన్నీ అర్థమయ్యాక నమ్ముదామని బయట నిలబడ్డవాళ్లు లోపలికి రండి, ఏమీ అర్థం కాని నా పక్కన చోటుంది.